ఖాళీ కాగితం మీద ఆరు కేసులు

పులి, మేక, గడ్డిమోపు లెక్క మీ చిన్నప్పుడు ఎవరో ఒకరు మిమ్మల్ని అడిగే ఉంటారు. ఏరు దాటాలి. పడవలో మనిషితోపాటు ఒక్కదానికే చోటు. మనిషి లేకుండా పులినీ మేకనీ ఒకచోట వదలకూడదు, మేకనీ గడ్డినీ వదలకూడదు. ముందు మేకను దాటించాలని అందరికీ తడుతుంది. చిక్కంతా ఆ తర్వాతే. రెండో విడతలో పులిని తీసుకెళ్లినా, గడ్డిని తీసుకెళ్లినా అవతలి ఒడ్డున మేక ఉందాయె! ఆ మేకనే మళ్లీ పడవెక్కించి ఇవతలికి తీసుకురావాలని తట్టేదాకా లెక్క ముందుకు కదలదు. దాటించినదాన్ని వెనక్కి తేకూడదని ఎవరూ అనలేదు. మనకు మనమే అనుకున్నాం.

ఇది మన ఏటి ఒడ్డున పుట్టిన లెక్కే అనుకుంటాం గానీ, ఎనిమిదో శతాబ్దంలో ఐరోపాలో ఉన్న ఆల్క్విన్ అనే పండితుడి పేరిట చెలామణీ అయిన లెక్కల సంకలనంలోనూ ఉంది. అక్కడ పులి బదులు తోడేలు, గడ్డి బదులు క్యాబేజీ. కుర్రవాళ్ల బుద్ధికి పదును పెట్టడానికి ఆ సంకలనం చేశారట. పన్నెండు వందల ఏళ్ల తర్వాత కూడా కుర్రవాళ్ల బుద్ధిని కొలవడానికి దీని తోబుట్టువులనే వాడుతున్నాం. కాకపోతే ఇప్పుడు పక్కన గడియారం పెట్టి, కింద ర్యాంకు వేస్తున్నాం.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో లా చదవాలనుకుంటున్న పిల్లలు ఉంటే ఇవాళ్టి కబుర్లు వాళ్ల కోసం. షామీర్‌పేటలోని నల్సార్‌లోనో, విశాఖలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలోనో సీటు కావాలంటే క్లాట్ రాయాలి. 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకి పావు మార్కు కోత, పేపరంతా ఇంగ్లిషులోనే. ఢిల్లీలోని నేషనల్ లా యూనివర్సిటీ తన సొంత పరీక్ష ఐలెట్ పెట్టుకుంటుంది. అందులో 150 ప్రశ్నలుంటే 70 లాజికల్ రీజనింగే. మన రెండు రాష్ట్రాల లాసెట్‌లో 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు. తెలుగులోనూ చదువుకుని రాయొచ్చు. జనరల్ నాలెడ్జ్‌తో కలిపి మెంటల్ ఎబిలిటీ అక్కడా ఉంది. క్లాట్ 2020లో తీరు మార్చుకుని పెద్ద పేరాలు ఇచ్చి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. అయినా వరుసలు, గుంపులు, చుట్టరికాలు, షరతులతో అల్లిన పజిల్ అనే జాతి మాత్రం లా పరీక్షల చుట్టుపక్కల నుంచి ఎక్కడికీ పోలేదు.

ఈ జాతికి పుట్టిల్లు అనదగ్గ పరీక్ష అమెరికా వాళ్ల ఎల్‌శాట్. 1982 నుంచి 2024 జూన్ దాకా అందులో ఒక విభాగం అచ్చంగా ఈ పజిళ్లదే. పుస్తకాల్లో దాని పేరు ఎనలిటికల్ రీజనింగ్. రాసేవాళ్లందరి నోటా మాత్రం లాజిక్ గేమ్సే. 35 నిమిషాలు, నాలుగు గేములు, మొత్తం 22 నుంచి 24 ప్రశ్నలు. అంటే ఒక్కో గేముకి తొమ్మిది నిమిషాలైనా నిండవు. ఎల్‌శాట్ మొత్తంలో పిల్లల్ని మొదట్లో బాగా భయపెట్టేది ఇదే. సాధన చేస్తే బాగా మెరుగుపడే విభాగంగా పేరున్నదీ ఇదే. అప్పట్లో ఎల్‌శాట్ రాసిన మన తెలుగు పిల్లలూ దీంతో కుస్తీ పట్టినవాళ్లే.

2024 ఆగస్టు నుంచి ఆ విభాగాన్ని ఎత్తేశారు. ఎత్తేయడం వెనక కథ మనం తెలుసుకోవలసింది. చూపులేని అభ్యర్థి ఒకరు కోర్టుకెళ్లారు. ఈ పజిల్ చేయాలంటే బొమ్మ గీసుకోవాలి, చూపులేనివాళ్లు ఎలా గీసుకుంటారు, ఇది మా తెలివిని కొలుస్తోందా, చూపుని కొలుస్తోందా అన్నది వాదన. 2019లో రాజీ కుదిరింది. బొమ్మ అవసరం లేకుండా అదే తర్కాన్ని పరీక్షించే దారి వెతుకుతామని పరీక్ష పెట్టే సంస్థ ఒప్పుకుంది. చివరికి గేములు పోయి, వాటి స్థానంలో ఇంకో లాజికల్ రీజనింగ్ విభాగం వచ్చింది. అది న్యాయమైన పనే అని నా అభిప్రాయం. న్యాయశాస్త్రం చదవడానికి పెట్టే పరీక్ష ముందు తాను న్యాయంగా ఉండాలి.

అయితే ఆ కేసు మన పిల్లలకు ఇంకో సంగతి కూడా చెబుతోంది. ఈ పజిల్‌కి బొమ్మే ప్రాణం అని వాదించడం ఒక ఎత్తు. ఆ వాదన బలానికి ఒక పెద్ద పరీక్ష తన నలభై ఏళ్ల అలవాటు మార్చుకోవడం ఇంకో ఎత్తు. చూపుండీ, పెన్నుండీ, కాగితముండీ బొమ్మ గీయకుండా బుర్రలోనే తిప్పాలని చూసే పిల్లలు ఎంతమందో! ఈ కబుర్లలో నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా అదే. పజిల్ బుర్రలో చేసేది కాదు. కాగితం మీద చేసేది.

మా మేనకోడలు ఇంటర్ రెండో ఏడు. క్లాట్‌కి తయారవుతోంది. మొన్న వచ్చి, “అత్తా, నాకు పజిల్స్ రావు. మిగతావన్నీ వచ్చు, ఇదొక్కటే రాదు” అంది. నా ముందు ఒక సెట్ చేయమన్నాను. పేరా చదివింది. మొదటి ప్రశ్న చూసింది. మళ్లీ పేరా చదివింది. రెండో ప్రశ్న చూసింది. మళ్లీ పేరా. కాగితం మీద రెండు పేర్లు రాసి, ఒకటి కొట్టేసింది. అయిదు ప్రశ్నలకి ఆ పేరాని అయిదుసార్లకు తక్కువ కాకుండా చదివింది. ప్రతిసారీ మొదటి నుంచి మొదలు.

“ఏమే, మొదటి ప్రశ్నలో కనిపెట్టింది రెండో ప్రశ్నకి ఏమైంది?” అన్నాను.

“అది మర్చిపోయాను అత్తా.”

“రాసుకోలేదేం?”

“రాస్తే టైమ్ వేస్ట్ కదా!”

చూశారా, అక్కడుంది తిరకాసు. ఇది మా పిల్ల ఒక్కదాని మాట కాదు. గడియారం చూసి భయపడే ప్రతి పిల్లవాడూ ఇలాగే అనుకుంటాడు. ప్రశ్నలు కనిపిస్తున్నప్పుడు, వాటిని పక్కన పెట్టి రెండు నిమిషాలు బొమ్మ గీసుకుంటూ కూర్చోవడం పాపం చేసినట్టు అనిపిస్తుంది. ఆ రెండు నిమిషాలే తర్వాత అయిదు ప్రశ్నల్లో వడ్డీతో తిరిగొస్తాయని చెబితే నమ్మరు. చేసి చూపించాలి.

మీకూ చేసి చూపిస్తాను. ఒక కాగితం, పెన్ను తెచ్చుకోండి. నిజంగానే తెచ్చుకోండి, చదువుకుంటూ పోతే సరిపోదు.

ఒక కోర్టులో ఇవాళ్టి కాజ్ లిస్టులో ఆరు కేసులున్నాయి. భూమి తగాదా, చెక్ బౌన్స్, విడాకులు, అద్దె, ప్రమాదం, దొంగతనం. ఒకదాని తర్వాత ఒకటి విచారణకు వస్తాయి. షరతులు నాలుగు. భూమి కేసు చెక్కు కేసు కంటే ముందు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. చెక్కు కేసు అయిన వెంటనే విడాకుల కేసు. అద్దె కేసు సరిగ్గా నాలుగోది. దొంగతనం కేసు మొదటిదీ కాదు, చివరిదీ కాదు.

ముందు పొట్టి పేర్లు పెట్టుకుందాం. భూ, చె, వి, అ, ప్ర, దొ. ఒక వరుసలో ఆరు గడులు గీసి, పైన 1 నుంచి 6 దాకా అంకెలు వేయండి. నాలుగో గడిలో ‘అ’ రాసేయండి. అది మనకు ఉచితంగా వచ్చింది. ఒకటో గడి కిందా, ఆరో గడి కిందా ‘దొ’ రాసి కొట్టేయండి. ‘చె’నీ ‘వి’నీ పక్కపక్కన రాసి చుట్టూ పెట్టె గీయండి, ఇక ఆ రెండూ విడిపోవు. ఆ పెట్టెకి ఎడమపక్కన ‘భూ’ రాసి మధ్యలో మూడు చుక్కలు పెట్టండి. ముందు వస్తుంది గానీ ఎంత ముందో తెలియదని గుర్తు. ‘ప్ర’ మీద ఏ షరతూ లేదు. దాన్ని విడిగా రాసి చుట్టూ సున్నా చుట్టండి.

ఇప్పటికి పేరాలో ఉన్నదంతా కాగితం మీదికి వచ్చింది. ఇక పేరాతో పని లేదు. చాలామంది ఇక్కడ ఆగి ప్రశ్నల్లోకి దూకుతారు. ఇంకొక్క నిమిషం ఓపిక పట్టండి. అన్నిటికంటే కదలిక తక్కువున్నది ఏది? చె-వి పెట్టె. దానికి రెండు గడులు కావాలి, పక్కపక్కనే కావాలి. నాలుగోది ‘అ’ ఆక్రమించింది. కాబట్టి ఆ పెట్టె 1-2లో గానీ, 2-3లో గానీ, 5-6లో గానీ కూర్చోవాలి. 1-2లో కూర్చుంటే దాని ముందు ‘భూ’కి చోటు లేదు, అది పోయింది. మిగిలినవి రెండే దారులు. రెండు వరుసలు గీయండి.

మొదటి వరుస: చె 2, వి 3, అ 4. ‘భూ’ చెక్కుకి ముందుండాలి, ముందున్నది ఒకటో గడి ఒక్కటే. అక్కడ భూ. మిగిలినవి 5, 6. దొంగతనం చివర రాకూడదు గనుక అది 5, ప్రమాదం 6. మొత్తం నిండిపోయింది. ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

రెండో వరుస: అ 4, చె 5, వి 6. మొదటి మూడు గడుల్లో భూ, దొ, ప్ర. భూమి కేసు ఎక్కడున్నా చెక్కు కంటే ముందే, దానితో పేచీ లేదు. దొంగతనం మొదటిది కాకూడదు, అంటే 2 గానీ 3 గానీ. మిగిలిన రెండు గడుల్లో భూ, ప్ర ఎటైనా సరే. నాలుగు రకాలు.

వెరసి ఆ రోజు కాజ్ లిస్టు అయిదు రకాలుగా మాత్రమే ఉండగలదు. ఇక అడగండి ప్రశ్నలు. ప్రమాదం కేసు చివర వస్తే మూడోది ఏది? మొదటి వరుస చూడండి, విడాకులు. భూమి కేసు మూడోదైతే మొదటిది ఏది? రెండో వరుస. దొంగతనం రెండులోకి పోతుంది, మొదటిది ప్రమాదం. దొంగతనం కేసు అద్దె కేసు తర్వాత వస్తే మొదటి కేసు ఏది? మళ్లీ మొదటి వరుసే, భూమి. దొంగతనం కేసు చెక్కు కేసు కంటే ముందే రావాలా? అక్కర్లేదు, మొదటి వరుసలో వెనక వచ్చింది. విడాకుల కేసు ఏయే స్థానాల్లో ఉండగలదు? మూడు, ఆరు, అంతే. ఒక్కో జవాబుకీ కంటిచూపు అటు తిప్పడమే పని. పేరా మళ్లీ చదవలేదు, ఊహించలేదు.

మా పిల్ల ఇది చేసి చాలాసేపు ఆ రెండు వరుసల వంక చూస్తూ ఉండిపోయింది. “అత్తా, ప్రశ్నలు చదవకముందే జవాబులు వచ్చేశాయి” అంది. అవును. మంచి పజిల్ తయారుచేసినవాడు షరతుల మధ్య ఒక ఇరుకు సందు పెడతాడు. ఇక్కడ ఆ సందు నాలుగో గడి. ఆ ఇరుకెక్కడుందో వెతకడమే అసలు విద్య. ఏ షరతుకి చోటు తక్కువో దాని దగ్గర మొదలుపెట్టాలి. కదలిక ఎక్కువున్న ‘ప్ర’ లాంటివాటి జోలికి చివర్లో పోవాలి. పిల్లలు తరచూ దీనికి తలకిందులుగా చేస్తారు. పేరాలో మొదటి వాక్యం ఏదైతే దాంతోనే మొదలుపెడతారు. పేపరు తయారుచేసేవాళ్లకి ఆ అలవాటు బాగా తెలుసు. పట్టు దొరికే షరతుని ఎక్కడో మధ్యలోనో, చివరిలోనో పెడతారు.

కాగితం మీదికి తేవాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. ఆలిస్ కథలు రాసిన లూయిస్ కారొల్ ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కల అధ్యాపకుడు. తర్కం నేర్పడానికి 1886లో ‘ది గేమ్ ఆఫ్ లాజిక్’ అనే చిన్న పుస్తకం తెచ్చాడు. దానితోపాటు గడులు గీసిన ఒక అట్ట, రెండు రంగుల్లో తొమ్మిది బిళ్లలు ఇచ్చాడు. ‘కొందరు’, ‘అందరూ’, ‘ఎవరూ కారు’ లాంటి వాక్యాలను బిళ్లలుగా గడుల్లో పెట్టించి, వాటిని చూసి ఫలితం చదివించాడు. పసిపిల్లలకు కథలు చెప్పినాయన, తర్కం దగ్గరికి వచ్చేసరికి చేతికి పని పెట్టాడు.

ఇక షరతుల భాష. లా పరీక్షల పజిళ్లలో పిల్లలు పోగొట్టుకునే మార్కుల్లో పెద్ద వాటా ఇక్కడే పోతుందని నేను గట్టిగా నమ్ముతాను. ‘ముందు’ అన్నా, ‘వెంటనే ముందు’ అన్నా ఒకటే అనుకుని చదివేస్తారు. ‘పక్కన’ అంటే కుడిపక్కనే అని ఊహించేస్తారు. రెండు వాక్యాలిచ్చి వాటి నుంచి ఫలితం రాబట్టమనే సిలాజిజంలో ‘కొందరు’ అంటే కనీసం ఒకరు. అందరూ అయినా తప్పు లేదు. ‘ఇది గానీ అది గానీ’ అన్నప్పుడు రెండూ కుదరవని వాళ్లు చెప్పకపోతే రెండూ కుదరవచ్చు.

‘అయితే’ అనే షరతు అన్నిటికంటే గట్టిది, దాన్ని కాస్త నిదానంగా చూద్దాం. మన రాజ్యాంగం ప్రకారం ఎమ్మెల్యేగా ఎన్నిక కావాలంటే 25 ఏళ్లు నిండాలి. కాబట్టి ఫలానా ఆయన ఎమ్మెల్యే అని తెలిస్తే ఆయనకు 25 నిండాయని చెప్పేయొచ్చు. ఫలానా ఆమెకు ఇంకా 25 నిండలేదని తెలిస్తే ఆమె ఎమ్మెల్యే కాదని చెప్పేయొచ్చు. ఈ రెండూ ఒకే మాటకి రెండు ముఖాలు. కానీ ఒకాయనకు 25 నిండాయని తెలిస్తే? ఏమీ చెప్పలేం. ఆయన ఎమ్మెల్యే కాదని తెలిస్తే? వయసు గురించి అప్పుడూ ఏమీ చెప్పలేం. ఎమ్మెల్యే ఉదాహరణలో ఇది చంటిపిల్లాడికి కూడా తెలిసిపోతుంది. అదే పజిల్‌లో ‘క ఎంపికైతే గ ఎంపికవుతాడు’ అన్నారనుకోండి, గ ఎంపికయ్యాడనగానే క కూడా ఉన్నాడని పిల్లలు టిక్కు పెట్టేస్తారు. అందుకని ఇలాంటి షరతు కనిపించగానే బాణం గుర్తుతో రాసుకుని, దాని కిందే తిరగేసిన ముఖం కూడా రాసుకోవాలి. క వస్తే గ వస్తాడు. గ రాకపోతే క రాడు. రెండూ కాగితం మీద ఉండాలి. రేపు నల్లకోటు వేసుకున్నాక చట్టంలోని ప్రతి సెక్షన్‌నీ ఇలాగే చదవాలి, అందుకే లా పరీక్షలో దీన్ని అడుగుతారు.

చుట్టరికాల పజిల్‌లో మన పిల్లలకు ఒక ప్రత్యేకమైన ఉచ్చు ఉంది. ఇంగ్లిషు పేపర్లో అంకుల్ అని ఉంటుంది. మన మనసు ఊరుకోదు. వెంటనే బాబాయినో మేనమామనో చేసేసి, బొమ్మలో నాన్న పక్కనో అమ్మ పక్కనో గీసేస్తుంది. పేరా మాత్రం అమ్మ వైపో నాన్న వైపో చెప్పనే లేదు. చెప్పేదాకా ఆ గీతని రెండు వైపులకీ తెరిచి ఉంచాలి. అలాగే మగా ఆడా సంగతి. మగవాళ్లకి ప్లస్, ఆడవాళ్లకి మైనస్, భార్యాభర్తల మధ్య జంట గీత, తోబుట్టువుల మధ్య ఒంటి గీత, తరం మారితే కిందికి గీత అని కోచింగుల్లో చెప్పే పద్ధతి మంచిదే. దానికి ఒక ప్రశ్నార్థకం కూడా కలుపుకోండి. డాక్టరు అన్నంత మాత్రాన మగాడు కాదు, టీచరు అన్నంత మాత్రాన ఆడమనిషి కాదు.

గుండ్రటి బల్ల చుట్టూ కూర్చోబెట్టే పజిల్‌ని చాలామంది అనవసరంగా భయపడి వదిలేస్తారు. రెండే రెండు సంగతులు గుర్తుంటే చాలు. మొదటిది, మొదటి మనిషిని మీకు నచ్చిన కుర్చీలో కూర్చోబెట్టండి. కుర్చీలకు నంబర్లు లేవు కాబట్టి ఎక్కడ కూర్చోబెట్టినా ఒకటే. రెండోది, అందరూ మధ్యలోకి చూస్తుంటే ఎవరి కుడిచేతి వైపైనా గడియారం ముల్లుకి వ్యతిరేక దిశ. బయటికి చూస్తుంటే దానికి తలకిందులు. పరీక్షలో అయోమయపడితే కాగితాన్ని తిప్పి, ఆ మనిషి మీ దగ్గరికి వచ్చేలా పెట్టుకోండి. అతడు మధ్యలోకి చూస్తుంటే అతడి కుడి, మీ కుడి ఒకటవుతాయి.

సాధన ఎలా అన్నది తర్వాతి మాట. మన దగ్గర సాధన అంటే లెక్క. రోజుకి ఇన్ని సెట్లు, నెలకి ఇన్ని పుస్తకాలు. చేసిన సెట్‌కి జవాబులు చూసి, తప్పుల మీద ఎర్ర గీత పెట్టి, పేజీ తిప్పేస్తారు. అలా వంద సెట్లు చేసినా వందోదాన్ని మొదటిదాన్ని చేసినట్టే చేస్తారు. ఎల్‌శాట్ పిల్లల్లో ఒక మంచి అలవాటు ఉండేది. ఒక గేమ్ చేశాక, అది సరిగ్గా వచ్చినా సరే, దాన్నే కొత్త కాగితం మీద మళ్లీ మొదటి నుంచి చేసేవాళ్లు. కొన్నాళ్లాగి మళ్లీ చేసేవాళ్లు. జవాబులు గుర్తున్నాయి కదా, ఇంకెందుకు అంటారా? జవాబులు గుర్తుండటం మంచిదే. అప్పుడు మనసు జవాబు మీద కాకుండా దారి మీద పెడతాం. ఆ ఇరుకు సందు ఎక్కడుందో, దాన్ని మొదటిసారి ఎందుకు చూడలేకపోయామో అప్పుడే తెలుస్తుంది. కొత్తవి పది చేయడం కంటే పాతవి మూడు ఇలా తిరగదోడటం మేలని నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ఇంకో మాట, మొదటి నెల గడియారం వద్దు. నిజంగా వద్దు. ఒక్క పజిల్ మీద అరగంట కూర్చోనివ్వండి. మొత్తం అమరికలన్నీ రాయనివ్వండి. వేగం అనేది తప్పులు లేని పద్ధతి చేతికి అలవాటయ్యాక తనంత తాను వస్తుంది. ముందే గడియారం పెడితే చేతికి అలవాటయ్యేది కంగారు. ఇక తప్పుల పుస్తకం. అందులో ‘సిల్లీ మిస్టేక్’ అని రాయడం నిషేధించండి. ‘వెంటనే అనే మాట చూడలేదు’, ‘రెండో దారి గీయలేదు’, ‘గ వచ్చాడని క వచ్చాడనుకున్నాను’, ఇలా ఏ షరతు దగ్గర ఏం జరిగిందో ఒక్క ముక్కలో రాయాలి. కొద్ది వారాల్లోనే ఒకే రకం తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఎవరి తప్పు వాళ్లది, అది కోచింగ్ మాస్టారు చెప్పలేరు.

పరీక్ష హాల్లో ప్రశ్నల వరుస కూడా మన చేతిలోదే. ‘కింది వాటిలో ఏది సరైన క్రమం కావచ్చు’ అని అడిగితే పజిల్ విప్పనక్కర్లేదు. ఒక్కో షరతునీ తీసుకుని నాలుగు ఆప్షన్ల మీద వేయండి. మన కాజ్ లిస్టులోనైతే నాలుగో స్థానంలో అద్దె లేని ఆప్షన్ మొదట పోతుంది, చె-వి పక్కపక్కన లేనిది తర్వాత పోతుంది. మిగిలిందే జవాబు. ఆ తర్వాత ‘ఒకవేళ’ అని కొత్త షరతు చేర్చే ప్రశ్నలు చేయండి. ‘తప్పనిసరిగా నిజం ఏది’ అనేదాన్ని చివరికి ఉంచండి. అప్పటికి మీ కాగితం మీద రెండు మూడు నిజమైన అమరికలు తయారై ఉంటాయి. ఏ ఆప్షన్ వాటిలో ఒక్కదానితోనైనా పొసగలేదో అది తప్పనిసరి నిజం కాదని కొట్టేయొచ్చు.

నెగటివ్ మార్కులకి అతిగా జడిసేవాళ్లకి చిన్న లెక్క. క్లాట్‌లో నాలుగు ఆప్షన్లు, తప్పుకి 0.25 కోత. నాలుగు ప్రశ్నలు గుడ్డిగా పెట్టి ఒకటి తగిలితే 1 వచ్చి 0.75 పోతుంది. పెద్దగా లాభమూ లేదు, నష్టమూ లేదు. కానీ మీ బొమ్మ చూసి రెండు ఆప్షన్లు కచ్చితంగా కొట్టేయగలిగితే మిగిలిన రెండిట్లో ఒకటి పెట్టడం మంచి బేరమే, వదలకండి. అయితే షరతులే అర్థం కాని సెట్ తగిలితే దానిమీద పంతం పట్టకండి. ఆ నిమిషాలు పక్క పేరాకి ఇవ్వండి.

తల్లిదండ్రులకూ ఒక మాట. ‘మావాడికి లాజిక్ లేదండీ’ అని పిల్లల ముందే అంటుంటాం. అది పుట్టుకతో వచ్చే వరం కాదు, అలవాటు. పదో తరగతిలో లెక్కల్లో వెనకబడ్డ పిల్లలు కూడా దీన్ని పట్టేయగలరు. ఇందులో సూత్రాలు లేవు, ఎక్కాలు లేవు. చెప్పిందేదో చెప్పినట్టు చదవడం, చెప్పనిది చేర్చకపోవడం, రెండు షరతులు ఎక్కడ కలుస్తాయో చూడటం. తెలుగు మీడియంలో చదివి లాసెట్ తెలుగులో రాసే పిల్లలకూ ఇది అక్షరాలా వర్తిస్తుంది. పైగా ఇందులో మీరూ పక్కన కూర్చోవచ్చు. ఫిజిక్స్ చెప్పలేకపోవచ్చు గానీ, ఆరు కేసుల వరుస ఎవరైనా గీయొచ్చు.

కాబట్టి మీ కాగితం ఇంకా పారేయకండి. అద్దె కేసుని నాలుగు నుంచి మూడో స్థానానికి జరిపి, మిగతా మూడు షరతులూ అలాగే ఉంచి, మీ ఇంట్లో పిల్లల్ని పిలిచి, కాజ్ లిస్టు ఎన్ని రకాలుగా ఉండగలదో ఇద్దరూ చెరో కాగితం మీద రాసి చూడండి. జవాబు మళ్లీ అయిదే. నాలుగే వచ్చినవాళ్లు చె-వి పెట్టెను 4-5లో కూర్చోబెట్టి చూడలేదన్నమాట.